నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి

మా పదో తరగతి గ్రూపు ఫోటోలో ఆడపిల్లలం పదకొండు మందిమి. ఒక్కరి పన్ను కూడా కనబడదు. ఫోటో తీసినాయన "నవ్వండమ్మా" అని రెండుసార్లు అడిగాడు. మగపిల్లలు గారపళ్ళతోనే నవ్వేశారు. మార్కాపురం పక్క పల్లెలో పెరిగిన నాకు అది వింతగా అనిపించలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మాకు పైటకంటే ముందే అలవాటైంది.

బడిలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, "పళ్ళు తోముకోరా మీరు?" అని అడిగేవాళ్ళు. ఇటుకపొడి, బొగ్గు, వేపపుల్ల, ఉప్పు, అన్నీ అయ్యాయి. చిగుళ్ళు నెత్తురు కారేవి. తోమితే పోయే మరకా అది? పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పింగాణీ అక్కడే చెడుతుంది. పదిహేనేళ్ళ పిల్లని నిలబెట్టి అడిగేది ఆమె మూడేళ్ళప్పుడు తాగిన నీళ్ళ గురించన్నమాట.

అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌కి 1901లో వచ్చిన మెకే అనే పళ్ళ డాక్టరు అక్కడివాళ్ళ పళ్ళమీద గోధుమరంగు మరకలు చూసి కారణం వెతకడం మొదలుపెట్టాడు. అది నీళ్ళలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. మన దగ్గర కథ ఎద్దులతో మొదలైంది. 1930ల్లో నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం గమనించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మనుషుల్లో ఈ జబ్బుని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి నమోదు చేశారు. ఎద్దు నడవకపోతే సేద్యం ఆగుతుంది, అందుకని కనబడింది. బిందె మోసే ఆడదాని నడుము వంగితే వయసు మీదపడిందనుకుని ఉంటారు.

దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1970 ఫిబ్రవరి 2న వీటిని ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. రాతినేల కింది నీళ్ళు మాత్రం అవే.

నేను పీలగా ఉండేదాన్ని. దానికీ పళ్ళకీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. 1940లోనే పండిట్ బృందం పిల్లల పళ్ళనీ పెద్దల ఎముకలనీ కలిపి చూసి, తిండి సరిగ్గా లేనిచోట ఈ జబ్బు ముదురుతుందని రాసింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో, ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. (ఆ వ్యాసం మీద ఒక స్త్రీ పేరు చూసి నేను చాలాసేపు ఆగిపోయాను.) కాల్షియం చాలని ఒంటికి ఫ్లోరైడ్ మరింత చేటు. మా ఇంట్లో గ్లాసుడు పాలు అన్నకి. నాకు మజ్జిగ, అదీ పలచన చేసి.

చిన్నమ్మని చూసుకోవడానికి వచ్చినవాళ్ళదీ మాలాంటి ఊరే. "పిల్ల బక్కది, పైగా గారపళ్ళు" అని కబురంపారు. అమ్మమ్మ ఒకటే అడిగింది: "వాడి పళ్ళు ఎవురన్నా చూసినారంటనా?" ఎవరూ చూడలేదు. చిన్నమ్మకి రెండోపెళ్ళి సంబంధం చేశారు. ఆమె నవ్వు ఎలా ఉంటుందో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు.

గిద్దలూరు వెళ్ళే దారిలో కంభం చెరువు వస్తుంది. కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. ఆ చెరువు దాటితే మళ్ళీ బిందెల వరసే. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులు.

పళ్ళ వల్ల పిల్లల జీవితం ఎలా ఉందో తెలుసుకోవడానికి కెనడాలో 2002లో ఒక ప్రశ్నావళి తయారైంది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి. నవ్వడం మానుకున్నావా, ఎవరైనా ఏడిపించారా, గట్టివి కొరకడం కష్టమా అని ఉంటుంది. సెలవులకి వచ్చిన మేనకోడలికి అది చదివి వినిపించాను. దానికి పద్నాలుగు. క్యాను నీళ్ళు తాగి పెరిగింది. ఎత్తుపళ్ళకి రెండేళ్ళు క్లిప్పులు పెట్టించారు. ఇప్పుడు దాని దిగులంతా బరువు గురించే.

"ఇవేం ప్రశ్నలత్తా!" అని నవ్వింది.

తెల్లటి, వరసైన పళ్ళు. నవ్వేటప్పుడు చెయ్యి మాత్రం అచ్చం నాలాగే నోటికి అడ్డం పెట్టుకుంది.