ఒంగోలు క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910) ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీళ్లంతా తిండి కోసమే మతం మారారన్న ఆక్షేపణ ఉంది. ఆకలి ఉన్నచోట ఆ అనుమానం సహజమే, కృతజ్ఞత ప్రభావం బొత్తిగా లేదనీ అనలేం. అయితే సహాయం అందుతున్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పైగా మాదిగపల్లెల్లో క్రైస్తవంలోకి మారే ఈ కదలిక కరువుకు పదేళ్ల ముందే మొదలైంది. దాన్ని ఊరూరా నడిపినవాళ్లు ఎర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకులు. వాళ్లను నమ్మి బాధ్యత అప్పగించడమే క్లౌ నాయకత్వంలో అసలు బలం.