రూకకు భోజనం, ఊరికే ఆతిథ్యం

పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. వందేళ్ళు నిండిన సందర్భం కాబట్టి పాత ఏలూరు ముచ్చట్లకు మళ్ళీ గిరాకీ వచ్చింది. ఇలాంటి ముచ్చట్లలో ఎక్కడో ఒకచోట తప్పకుండా ఒక సత్రం తగులుతుంది. బాటసారి కాళ్ళు కడుక్కుని అరుగెక్కితే చాలు, విస్తరి వేసి అన్నం పెట్టిన ఆ రోజులు ఏమైపోయాయన్న నిట్టూర్పు దాని వెంటే వస్తుంది. ఆ నిట్టూర్పుతోనే ఇక్కడ పేచీ. పరాయి పట్నంలో ఎక్కడ దిగాలో, ఎక్కడ తినాలో తేల్చుకునే వీలు మనవాళ్ళకు దక్కింది ఊరికే అన్నం పెట్టిన చోట కాదు, డబ్బు పుచ్చుకుని పెట్టిన చోట. సత్రం అతిథిని ఎంచుకునేది. పూటకూళ్ళ ఇంటిని అతిథి ఎంచుకునేవాడు.

మొదటి కొన్ని శతాబ్దాలను గబగబా దాటక తప్పదు. ఏడో శతాబ్దంలో హ్యుయన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి చూసిన రాజధాని ఏలూరు పక్కనున్న వేంగి అనీ, అంటే నేటి పెదవేగి అనీ చరిత్రకారులు గుర్తించారు. ఆయన బౌద్ధ భిక్షువు, ఊళ్ళో సంఘారామాలున్నాయి. బస ఎక్కడన్న ప్రశ్న ఆయనకు పుట్టనే లేదు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు శాసనాల్లో సత్రాలకు రాసిచ్చిన భూముల సంగతులు కనిపిస్తాయి గానీ, అక్కడ తిన్నవాడు చెయ్యి కడుక్కుంటూ ఏమనుకున్నాడో ఏ రాతి మీదా లేదు. రాళ్ళు చెక్కించింది దాతలు మరి. గణపతిదేవుడి కాలానికి కొల్లేటి ఒడ్డున ఉన్న కొలను రాజ్యం కాకతీయుల ఏలుబడిలోకి వెళ్ళింది. కప్పాలకో, కొలువులకో, బేరాలకో ఇక్కడి వాళ్ళు ఓరుగల్లు దాకా నడిచే ఉంటారు. వాళ్ళు అక్కడ ఏం తినేవారో ఊహించుకోవడానికి మాత్రం మనకొక బంగారు గని దొరికింది.

అది ‘క్రీడాభిరామం’. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. తెలుగు చేసింది వినుకొండ వల్లభరాయుడని పుస్తకం చెబుతుంది, కాదు శ్రీనాథుడేనని పండితులు కొందరు వాదించారు. ఆ తగవులో తలదూర్చకపోయినా మన పని నడుస్తుంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వీరగాథలు పాడేవాళ్ళను చూస్తారు, కోడిపందేలు చూస్తారు, వేశ్యవాటికను అసలు వదలరు. భోజనం మాటెత్తేసరికి కవి గొంతు మారిపోతుంది. లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట ఒక్క రూకకు ఏమేం వడ్డిస్తారో వరసపెట్టి చెబుతాడు: మేలురకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజులు, చివర గడ్డపెరుగు. పద్యం రూపంలో ఉంది కాబట్టి కావ్యం అంటున్నాం గానీ, ఇది ధరల పట్టిక. ఫలానా ఇల్లు, ఫలానా ధర, ఫలానా పదార్థాలు: కొత్తగా పట్నం వచ్చినవాడు అడిగే మూడు ప్రశ్నలకూ అందులో జవాబుంది. నెయ్యి ‘అప్పుడే కాచినది’ అని చెప్పడంలోనే పక్కింట్లో నెయ్యి పాతదన్న ఎత్తిపొడుపు నాకు వినిపిస్తుంది. పోటీ ఉన్నచోటే అలాంటి మాట పుడుతుంది. పూటకూళ్ళ ఇల్లు రాత్రింబవళ్ళు మన్మథుడి రాయబారాలకు నెలవని చమత్కరించడం కూడా కవి మరవలేదు. భక్తిగా విస్తరి ముందు కూచునే సత్రంలో ఆ సరదా ఎక్కడిది? సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాస్తూ ఈ చిన్న పుస్తకాన్ని అంతగా పిండుకున్నారంటే ఊరికే కాదు.

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు చెప్పవచ్చు. 1323లో కాకతీయ రాజ్యం కూలాక చాలా ఏళ్ళకు రాసిన హాస్య వీథినాటకాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకుంటారన్నది మొదటిది. నిజమే, పోయిన పట్నం గురించి ఆ కవి రాసింది కూడా ఒక రకం పాత ముచ్చటే. అయితే రూకకు భోజనం అమ్మడమన్నదే ఎరగని పాఠకులకు ఆ పద్యం బోధపడదు. పూటకూళ్ళ ఇళ్ళలోనూ కులం ఉండేదన్నది రెండోది. ఉండేది, అందులో సందేహం లేదు. ఆ గడప తొక్కలేనివాళ్ళే ఊళ్ళో ఎక్కువ. కానీ లోపలికి వెళ్ళగలిగినవాడికి బాగాలేకపోతే రేపు మరో ఇంటికి పోయే వీలుంది, సత్రంలో తిన్నవాడికి లేదు. మూడో ఆక్షేపణ బరువైనది: మరి డొక్కా సీతమ్మగారో? 1909లో కన్నుమూసిన ఆ తల్లి కోనసీమ లంకల గన్నవరంలో, గోదావరి పాయ దాటవలసిన బాటసారులకు కులం అడక్కుండా, వేళ చూడకుండా వండి పెట్టింది. ఆమె ముందు ఏ వాదమైనా తల వంచాల్సిందే. అయినా జిల్లాలు దాటి ఆమె పేరు అంతగా మోగడానికి కారణమేమిటి? మిగతా చోట్ల కులం అడిగేవారు, వేళ చూసేవారు కనుక.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి కదిలినప్పుడు డేరాలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. అయినా మజిలీ మజిలీకీ అక్కడ సామాను దొరుకుతుందా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయాడు. వెనకాల వచ్చేవాడి కోసం రాసిన రాతలవి. 1890లలో రైలొచ్చాక ఏలూరు, తాడేపల్లిగూడెం మనుషులకు డేరాలతో పని తీరింది. కులం మాత్రం ప్లాట్‌ఫారం మీదకు కూడా వచ్చింది. మద్రాసు రాజధానిలోని స్టేషన్లలో బ్రాహ్మలకు వేరే భోజనశాలలుండేవి. ఆ కాలపు పట్నాల్లో పూటకూళ్ళ ఇల్లు వితంతువులకు బతుకుతెరువు కూడా అయింది. ‘కన్యాశుల్కం’లో గిరీశం తిని బతికింది అలాంటి ఇంట్లోనే, అదీ డబ్బివ్వకుండా. హోటలు గడప దగ్గర కులమతాలు అడ్డు రాకూడదని చట్టం చెప్పడానికి 1950లో రాజ్యాంగం పదిహేనో అధికరణం రావాల్సి వచ్చింది.

ఇక్కణ్ణుంచి కథ చిక్కులు పడుతుంది. ఉడిపి హోటలు, మిలిటరీ హోటలు, మెస్సు, లాడ్జి ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఏది ముందో ఊరినిబట్టి మారుతుంది. 1974లో గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక ఇక్కడి పిల్లలకు పట్నమంటే హైదరాబాదయింది, బస అంటే అమీర్‌పేట హాస్టలయింది. విచిత్రంగా, అంత దూరం పోయినవాళ్ళు అక్కడ వెతికేది గోదావరి పేరు పెట్టుకున్న హోటలునే. ఇప్పుడు ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టి గది తీసుకుంటున్నారు. లక్ష్మణవజ్ఝల ఇంటికి పద్యం ఇచ్చిన కితాబే ఇది, కాకపోతే ఛందస్సు లేదు.

కొల్లేటి లంకల వాళ్ళకు పెద్ద పట్నమంటే ఇప్పటికీ ఏలూరే. రోగితో పెద్దాసుపత్రికి వచ్చి వరండాలో పడుకునే మనిషికి ఏ నక్షత్రాలూ అక్కరకు రావు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది, కులం ఎవరూ అడగరు. ఆ 5 రూపాయలు ఎందుకు, ఊరికే పెట్టకూడదా అనేవాళ్ళున్నారు. పుచ్చుకోవడమే మంచిది. చారు నీళ్ళగా ఉంటే గట్టిగా అడగడానికి ఆ టోకెన్ పనికొస్తుంది.