దేవకన్య చీర జపాను తెర మీద

జపాను యానిమేషన్ ప్రేమకథ ఒకటి మన వైపు హాల్లో పడిందంటే, పట్నం పిల్లల మోజని పెద్దలు తేల్చేస్తారు. మోజు నిజమే. 2019లో మకోటో షింకాయ్ తీసిన ‘వెదరింగ్ విత్ యూ’ను ఇక్కడ విడుదల చేయమని 50 వేల మందికి పైగా సంతకాలు పెట్టి అడిగారు, 2023లో ఆయన ‘సుజుమె’ కూడా మన దేశపు తెరలకెక్కింది. కానీ మోజన్న ఒక్క మాటతో సరిపెడితే అసలు సంగతి జారిపోతుంది. ఆ సినిమాలను నడిపించే కథ అనకాపల్లి దగ్గరి మాడుగుల, చోడవరం ప్రేక్షకులకు ఏనాడో పరిచయమైనదే. మన జానపద చిత్రాలు చెబుతూ చెబుతూ వదిలేసిన కథ అది.

1961లో కె.వి.రెడ్డి తీసిన ‘జగదేకవీరుని కథ’ను తలచుకోండి. స్నానానికి దిగిన ఇంద్రకుమారి జయంతి చీరను ప్రతాపుడు దాచేస్తాడు. చీర లేక ఆమె భూమ్మీద ఉండిపోయి అతనికి ఇల్లాలవుతుంది. అత్తగారి చేతి మీదుగా ఆ చీర తిరిగి దక్కగానే స్వర్గానికి వెళ్లిపోతుంది. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో చీర స్థానంలోకి ఉంగరం వచ్చింది. ఇప్పుడు జపాను వైపు చూడండి. అక్కడ 8వ శతాబ్దంలో ప్రభుత్వాజ్ఞ మీద కూర్చిన ‘ఫుదోకి’ అనే ప్రాంతీయ వృత్తాంతాల్లో, సరస్సులో జలకాలాడుతున్న దేవకన్య వస్త్రాన్ని ఒకడు దొంగిలించి ఆమెను పెళ్లాడతాడు. వస్త్రం దొరికిన రోజున ఆమె ఎగిరిపోతుంది. ఇసావో తకహాతా 2013లో తీసిన ‘ప్రిన్సెస్ కగుయా’లో చంద్రలోకం నుంచి వచ్చిన అలాంటి వస్త్రమే కథకు ముగింపు. దాన్ని భుజాన కప్పగానే కగుయా భూలోకపు బంధాలన్నీ మరచిపోతుంది. షింకాయ్ 2016 చిత్రం ‘యువర్ నేమ్’లో వస్త్రం లేదు గాని మరపు ఉంది: ఒకరి దేహంలో ఒకరు బతికిన జంట చివరికి ఒకరి పేరొకరు మరచిపోతారు. ఉంగరం పోగొట్టుకున్న శకుంతలను ఎరిగినవారికి ఆ బాధ ఎలాంటిదో విడమరచి చెప్పాలా!

ఇలాంటి కథలు యూరప్‌లోనూ ఉన్నాయి కదా, పోలిక కాకతాళీయం కావచ్చు కదా అంటారు. అక్కడ హంసకన్యల కథలున్న మాట నిజమే. అయితే బౌద్ధుల ‘దివ్యావదానం’లోని మనోహర కథ చూడండి. సుధన రాకుమారుడు తన భార్య, కిన్నెర వనిత అయిన మనోహర తలమీది మణిని తల్లికి అప్పగించి యుద్ధానికి వెళ్తాడు. కోడలి ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు ఆ తల్లే మణిని తిరిగిచ్చి పంపేస్తుంది. జయంతిలాగే అత్తగారి చేతి మీదుగా విడుదల కావడం! ఇంత సన్నని వివరం కలవడాన్ని యాదృచ్ఛికమని కొట్టేయలేం. జావాలోని బోరోబుదూర్ గోడల మీద ఈ కథను శిల్పాలుగా చెక్కారు. అంటే బౌద్ధంతో పాటు ఇది సముద్రం దాటిందన్నమాట. మాడుగుల నుంచి చోడవరం మీదుగా అనకాపల్లి చేరితే, పక్కనే శంకరం. బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద రాతిని తొలిచిన స్తూపాలు, గుహలు అక్కడున్నాయి. ఆ కొండల మీది భిక్షువులే కథను జపానుకు మోశారని నేననను. అలాంటి కథలు తిరిగిన బౌద్ధ ప్రపంచంలో ఈ నేల కూడా ఒక భాగమని మాత్రం అంటాను.

బొమ్మల సినిమా పిల్లలకే అనే అభ్యంతరం తోలుబొమ్మలాట పుట్టి పెరిగిన చోట నిలవదు. ముగింపుల గురించిన అభ్యంతరానికి మాత్రం బలముంది. మన ప్రతాపుడు స్వర్గం దాకా వెళ్లి భార్యను దక్కించుకుంటాడు; కగుయా తిరిగి రాదు. టికెట్టు కొన్నవాణ్ని ఏడిపించి పంపడం మన జానపదానికి అలవాటు లేదు. కానీ ఆ తేడా కోసమే చూడాలంటాను. దేవకన్య వెళ్లిపోయాక భూమ్మీద మిగిలినవాళ్ల దుఃఖాన్ని మన సినిమా చివరిదాకా చూపించలేదు, తకహాతా చూపించాడు. ఇక మిగిలింది భాష. జపాను దర్శకుడు యుగో సాకో పూనికతో తయారైన రామాయణం 2025 జనవరిలోనూ, ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ అదే సెప్టెంబరులోనూ తెలుగు మాటలతో విడుదలయ్యాయి. పురాణానికీ కత్తియుద్ధానికీ దొరికిన తెలుగు గొంతు ప్రేమకథలకు కూడా దొరికితే, జయంతిని ఎరిగిన అవ్వ కూడా మనవరాలి పక్కన కూర్చుని కగుయాను చూడగలుగుతుంది.