అక్వేరియం అద్దం పగిలితే – లప్పం కాలం నుంచి సిలికాన్ కాలం దాకా

మా ఆఫీసులో ఒకాయన ఇంట్లో ఆరడుగుల అక్వేరియం ఉంది. ఈమధ్య దాని ముందు అద్దానికి, కింది మూల నుంచి జానెడు పొడుగున, వెంట్రుకంత సన్నటి పగులు కనపడింది. నీళ్ళు కారట్లేదు. చేపలు ఎప్పట్లాగే తిరుగుతున్నాయి. చేపల షాపువాడేమో "సిలికాన్ ట్యూబు తెచ్చి పైన పూసెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడట. ఇంకొకరు లోపల్నుంచి ఒక అద్దం ముక్క అతికించమన్నారు. మరొకరు ఆ తొట్టి మొత్తం తీసి పారెయ్యమన్నారు. లంచ్‌లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. వింటుంటే నాకు ఒక డౌటు వచ్చింది. ఇళ్ళల్లో అక్వేరియంలు మొదలై 170 ఏళ్ళు దాటింది కదా, మరి ఇన్నాళ్ళూ జనం పగిలిన అద్దాన్ని ఏం చేశారు? కొంచెం చదివితే తెలిసిందేంటంటే, అప్పటి మరమ్మత్తు ఇప్పుడెందుకు పనిచెయ్యదో ఆ చరిత్రలోనే ఉంది.

మొదలు లండన్ నుంచి. నథానియెల్ వార్డ్ అనే డాక్టరు 1829లో ఒక పురుగు గూడుని మూతపెట్టిన గాజుసీసాలో ఉంచి చూస్తుంటే, అందులోని మట్టిలోంచి ఫెర్న్ మొక్క మొలిచింది. లండన్ పొగకి బయట చచ్చిపోయే మొక్కలు మూసిన గాజుపెట్టెలో బతుకుతాయని ఆయనకి అలా తెలిసింది. (తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి మన దేశానికి తేయాకు మొక్కల్ని పట్టుకొచ్చింది ఈ వార్డ్ పెట్టెల్లోనే. మనం రోజూ తాగే టీ వెనక కూడా ఒక గాజుపెట్టె ఉందన్నమాట.) అయితే అప్పటికి బ్రిటన్‌లో గాజు మీద పన్నుండేది, అదీ బరువుని బట్టి! మందపాటి అద్దం కొనాలంటే చేతి చమురు వదిలేది. 1845లో ఆ పన్ను ఎత్తేశారు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక నీటిమొక్క, కొన్ని నత్తలు కలిపి ఒక తొట్టిలో పెట్టి, నీళ్ళు మార్చకుండానే అవన్నీ ఒకదాన్నొకటి బతికించుకుంటాయని కెమికల్ సొసైటీకి పేపరు రాశాడు. ఇంతకంటే ముందే, 1832 ప్రాంతంలో, సిసిలీలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఆవిడ సముద్రజీవుల్ని చూడ్డానికి గాజుతొట్టెలు చేయించుకుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆవిడ పేరు చాలాకాలం పెద్దగా వినపడలేదు, అది వేరే గొడవ. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు, 1854లో ఫిలిప్ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం వేశాడు. ఇంకేముంది, డబ్బున్న ప్రతి ఇంటి హాల్లోకీ ఓ తొట్టి వచ్చి కూర్చుంది.

ఈ తొట్టెలు ఎలా ఉండేవో చూడాలి, అసలు విషయం అక్కడే ఉంది. అడుగున పలకరాయి. నాలుగు మూలలా ఇనుమో, జింకో, చెక్కో పెట్టి చట్రం. ఆ చట్రం గాడిలో అద్దం కూచోబెట్టి లప్పంతో బిగించేవారు. లప్పం అంటే మన వడ్రంగులు కిటికీ అద్దాలకి పెట్టేదే: సుద్దపొడి, అవిసె నూనె. నీళ్ళకి ఆగాలని అందులో సఫేదా గానీ ఎర్ర సిందూరం గానీ కలిపేవారు. రెండూ సీసమే, చేపలకి విషం. అందుకే కొత్త తొట్టిని వారాల తరబడి నీళ్ళు నింపీ, పారబోసీ, మళ్ళీ నింపీ 'పండించాకే' చేపల్ని వదిలేవారు.

ఆ తొట్టిలో అద్దం పగిలిందనుకోండి. అది తలనొప్పే గానీ ప్రమాదం కాదు. ఎందుకంటే బరువు మోసేది చట్రం. అద్దం దానికి బిగించిన కిటికీ, అంతే. కిటికీ అద్దాలు మార్చేవాడే వచ్చి పాత లప్పం గీకి, పగిలిన అద్దం తీసి, కొత్తది పెట్టి, మళ్ళీ లప్పం పట్టించి పోయేవాడు. పగిలినదాన్ని అతికించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, ఆ అవసరం కూడా లేదు. వాళ్ళని నిజంగా ఏడిపించింది పగుళ్ళు కాదు, కారడం. లప్పం పాతబడేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. తొట్టి ఖాళీ చేసి కొన్నాళ్ళు ఆరబెడితే ఆ లప్పం బీటలు తీస్తుంది, మళ్ళీ నీళ్ళు పోస్తే అన్ని మూలల్నుంచీ కారుతుంది. తడిగా ఉన్నంతకాలం బాగున్న తొట్టి, ఆరితే పాడవడం! ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

మన దగ్గర కూడా అక్వేరియం చరిత్ర పాతదే. మద్రాసు మెరీనా బీచి మీద 1909లోనే ఒకటి కట్టారు. కానీ ఇళ్ళల్లో తొట్టెలకి సంబంధించి వందేళ్ళపాటు టెక్నాలజీ పెద్దగా మారలేదు. ఇనుము పోయి స్టీలు వచ్చింది, అవిసె నూనె లప్పం పోయి తారు కలిసిన లప్పాలు వచ్చాయి. మొత్తం బొమ్మని మార్చేసింది సిలికాన్ ఒక్కటే.

దాని కథ భలే ఉంటుంది. ఫ్రెడరిక్ కిపింగ్ అనే ఆయన ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో దశాబ్దాల తరబడి సిలికాన్ రసాయనాల మీద పనిచేశాడు. ఆయనకి కావాల్సినవి చక్కటి స్ఫటికాలు. ఫ్లాస్కు అడుగున మాటిమాటికీ మిగిలిపోయే జిగురు ముద్ద ఆయనకి ఒక న్యూసెన్సు. వీటివల్ల పెద్ద ప్రయోజనం ఉంటుందని 1936లో రిటైరయ్యే నాటిక్కూడా ఆయనకి నమ్మకం లేదు. అమెరికాలో గాజు తయారుచేసే కార్నింగ్ కంపెనీ మాత్రం, గాజు లక్షణాలూ ప్లాస్టిక్ లక్షణాలూ కలిసిన పదార్థం కోసం ఫ్రాంక్లిన్ హైడ్ అనే కెమిస్టుని పెట్టుకుంది. ఆయనకి పనికొచ్చింది సరిగ్గా ఆ జిగురే. 1943లో డౌ కెమికల్‌తో కలిసి డౌ కార్నింగ్ పెట్టారు. మొదటి సరుకు యుద్ధవిమానాల ఇంజన్లలో వాడే గ్రీజు. ట్యూబులోంచి పిండితే గాల్లో తేమతో దానంతటదే రబ్బరులా గట్టిపడే రకాలు ఆ తర్వాత వచ్చాయి. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది చూడండి, అది ఎసిటిక్ యాసిడ్. గాజులో ఉండేదీ సిలికాన్-ఆక్సిజన్ గొలుసే, ఈ రబ్బరులో ఉండేదీ అదే. అందుకే ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి.

1960ల్లో ఎవరికో ఇంకో మెట్టు పైకెళ్ళాలనిపించింది. జిగురు ఇంత గట్టిదైనప్పుడు అసలు చట్రం ఎందుకు? అయిదు అద్దాలు, నాలుగు గీతల సిలికాన్, అంతే తొట్టి! తుప్పు లేదు, సీసం లేదు, చవక. అప్పటికి 1959లో పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించిన ఫ్లోట్ గాజు కూడా వచ్చేసింది, చదునైన మందపాటి అద్దం మామూలు ధరకి దొరకడం మొదలైంది. కొన్నేళ్ళలో చట్రం తొట్టెలు కనుమరుగయ్యాయి.

నా ఉద్దేశంలో ఈ మార్పులో అందరూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. చట్రం తీసేసిన రోజు నుంచీ అద్దం కిటికీ కాదు, గోడ. బరువంతా మోసేది అదే. మా ఆఫీసాయన తొట్టినే తీసుకోండి. 1.8 మీటర్ల పొడుగు, 60 సెంటీమీటర్ల లోతు నీళ్ళు. లెక్కేస్తే ముందు అద్దం మీద నీళ్ళ తోపుడు సుమారు 320 కిలోల బరువంత! తొట్టి వెడల్పు ఎంతయినా ఇదే లెక్క, ఎందుకంటే నీటి ఒత్తిడి లోతుని బట్టే ఉంటుందని సైమన్ స్టెవిన్ 1586లోనే చెప్పాడు. అయితే ఇదే లెక్కలో ఓ మంచి వార్త కూడా ఉంది. నీళ్ళు సగానికి తగ్గిస్తే తోపుడు సగం కాదు, నాలుగో వంతుకి, అంటే 80 కిలోలకి పడిపోతుంది. పగులు కనపడగానే ఎవరైనా మొట్టమొదట చెయ్యాల్సిన పని ఇదే. సిలికాన్ కొనడానికి షాపుకి పరిగెత్తడం కాదు.

మరి నీళ్ళే కారనప్పుడు ఈ పగులుతో భయమేంటి? దీనికి జవాబు విమానాల వాళ్ళ దగ్గర దొరికింది. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో గ్రిఫిత్ అనే యువ ఇంజనీరు, మొదటి ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో, గాజు మీద ప్రయోగాలు చేశాడు. అణువుల బంధాల లెక్క ప్రకారం గాజుకి ఉండాల్సిన బలంలో మామూలు గాజుకి ఉన్నది సుమారు వందో వంతే. మిగతాదంతా ఏమైంది? కంటికి కనపడని సన్నటి గీతలు తినేశాయన్నాడు. అప్పటికే 1913లో ఇంగ్లిస్ అనే ప్రొఫెసరు పగులు కొన దగ్గర ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని గణితంతో చూపించాడు. గ్రిఫిత్ దాన్ని ఇంకాస్త ముందుకి తీసుకెళ్ళి, పగులు ఒక పొడుగు దాటితే ఇక దానంతటదే పరిగెడుతుందని 1921లో అచ్చయిన పేపర్లో తేల్చాడు. (ఆ ప్రయోగాల్లో ఓ రాత్రి ఆయన అసిస్టెంటు గ్యాస్ మంట ఆర్పడం మర్చిపోయి ల్యాబు తగలబడిందనీ, "ఈ గాజు పిచ్చి ఇక చాలు" అని పైవాళ్ళు ఆయన్ని ఇంజన్ల విభాగానికి పంపేశారనీ చెప్పుకుంటారు. మేనేజర్లు అన్ని కాలాల్లోనూ ఒకటే :) )

ఇంతకంటే భయపెట్టేది ఇంకోటుంది. బరువు పెట్టి వదిలేసిన గాజు కొన్నాళ్ళ తర్వాత, ఎవరూ ముట్టుకోకుండానే పగలొచ్చని 1899లోనే గ్రెనే అనే ఫ్రెంచాయన గమనించాడు. దానికి కారణం 1967లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసే వీడర్‌హార్న్ కొలిచి చూపించాడు. తేమ! పగులు కొన దగ్గర లాగబడుతున్న సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని నీటి అణువు వచ్చి తెంచేస్తుంది. గాల్లో తేమ పెరిగేకొద్దీ పగులు నడిచే వేగం పెరిగింది. ఇక అక్వేరియం అంటే ఏంటి? రాత్రీ పగలూ ఒత్తిడి మీద ఉన్న గాజు, దాని పక్కనే కావాల్సినన్ని నీళ్ళు. రెండు వారాల్నుంచి పగులు కదల్లేదు కదా అనే ధైర్యం ఇక్కడ చెల్లదు.

అందుకే పగులు మీద సిలికాన్ పూస్తే ఏమీ ఒరగదు. అది రబ్బరు. కారేదాన్ని ఆపుతుంది గానీ పగులు కొన దగ్గర ఒత్తిడిని ఆపలేదు. కారు అద్దానికి రెజిన్ ఎక్కించి బాగుచేస్తారు కదా అంటారు. కారు ముందద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న శాండ్‌విచ్. పై పొరకి దెబ్బ తగిలినా వెనక పొర పట్టుకునే ఉంటుంది. అక్వేరియంది ఒంటి గాజు.

లోపల్నుంచి అద్దం ముక్క అతికించే పద్ధతి మరీ తీసిపారేసేది కాదు. పగులుకి అన్ని వైపులా బాగా దాటేలా, పాత అద్దమంత మందం ముక్కని, మధ్యలో గాలి లేకుండా సిలికాన్‌తో అతికిస్తే, నీళ్ళే దాన్ని అద్దానికి అదిమిపెడతాయి. చిన్న తొట్టికి, లేదా అడుగు అద్దానికి, ఇది ఏళ్ళ తరబడి పనిచెయ్యొచ్చు. మా భాషలో చెప్పాలంటే ఇది ప్యాచ్, ఫిక్స్ కాదు. ఆరడుగుల తొట్టి ముందు అద్దానికి, అదీ కింది మూలలో, అపార్టుమెంటు మూడో అంతస్తులో, కింద ఇంకొకళ్ళ హాలు ఉండగా నేనైతే ప్యాచ్‌ని నమ్మను. అద్దం మార్చాల్సిందే. విక్టోరియా కాలం వాళ్ళు చేసిందే, కాకపోతే ఇప్పుడు లప్పం గీకే బదులు సన్నటి బ్లేడుతో సిలికాన్ కొయ్యాలి. పాత సిలికాన్ మీద కొత్తది సరిగ్గా అంటదు కాబట్టి ఆనవాలు లేకుండా గీకి, స్పిరిట్‌తో తుడవాలి. బాత్రూం సిలికాన్‌లో బూజు మందు కలుపుతారు, అది చేపలకి పడదు. కొత్త అతుకు బయట్నుంచి లోపలికి, రోజుకి కొన్ని మిల్లీమీటర్లే గట్టిపడుతుంది. వారం ఆగి, బాల్కనీలో నీళ్ళు నింపి ఇంకో వారం చూసి, అప్పుడు హాల్లోకి తేవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలో ఆక్వాడోమ్ అని పెద్ద అక్వేరియం ఉండేది, గాజు కాదు, యాక్రిలిక్. 2003లో కట్టారు. పది లక్షల లీటర్ల నీళ్ళు, సుమారు 1500 చేపలు. 2022లో రిపేర్ల తర్వాత మళ్ళీ తెరిచారు. ఆ ఏడాది డిసెంబర్ 16 తెల్లవారుజామున, ఆరు కాకముందే, మొత్తం ఒక్కసారిగా బద్దలైంది. లాబీలో జనం లేని టైము కాబట్టి ఇద్దరికి గాయాలతో సరిపోయింది. చేపలు దాదాపు అన్నీ పోయాయి. 2023లో నిపుణుల రిపోర్టు వచ్చింది. కారణం కచ్చితంగా తేలలేదు గానీ మూడు అనుమానాలు రాశారు: అతుకు జిగురు విడిపోవడం, రిపేర్లప్పుడు అడుగు దగ్గర పడిన నొక్కు, మూడోది, రిపేర్ల కోసం తొట్టి ఖాళీ చేసి ఉంచిన రోజుల్లో అది మరీ ఆరిపోవడం.