గుట్ట మీది బొమ్మలను ముందు చూసిందెవరు?

మంచిర్యాల బడిలో పాఠం చెబుతూ, పాండవుల గుట్ట రాతిచిత్రాలను 1990లో కనుగొన్నారని అన్నాను. గోదావరి అవతల రేగొండ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లవాడొకడు లేచాడు. "మా తాత చిన్నప్పటి సంది ఆడనే మేకలు కాసిండు సార్. ఆయనకు కనవడలేదా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

శిలాచిత్రాల పరిశోధన చరిత్ర పొడుగునా ఈ ప్రశ్న ఉంది. 1867-68లో మీర్జాపూర్ కొండల్లో కార్లైల్ అనే ఆంగ్లేయుడు ఇలాంటి చిత్రాలను చూశాడు. దగ్గరలో దొరికిన చిన్న రాతి పనిముట్లను బట్టి ఇవి ప్రాచీనమైనవని ఊహించాడు. ఆయన రాసుకున్న సంగతులు 1906లో గాని అచ్చుకు రాలేదు. 1879లో స్పెయిన్‌లో ఆల్తమీరా గుహ కప్పు మీది అడవిదున్నలను మొదట చూసింది సౌతువోలా కూతురు, చిన్నపిల్ల. పండితులు నమ్మలేదు. వేటాడి బతికే మనిషికి ఇంత కళ ఎక్కడిదన్నారు. వారిలో ముఖ్యుడైన కార్తయ్యాక్ 1902లో తన తప్పు ఒప్పుకున్నాడు. అప్పటికి సౌతువోలా చనిపోయి పద్నాలుగేళ్లు. శ్రమజీవికి సౌందర్యదృష్టి ఉండదనే అహంకారమే అన్నేళ్లు వారి కళ్లకు గంతలు కట్టింది.

మన సంగతి చూద్దాం. హైదరాబాద్ రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. యజ్దానీ అజంతా చిత్రాలను సంపుటాలుగా వెలువరించాడు. అది గొప్ప కృషి. పేరులేని వేటగాళ్ల బొమ్మల వంతు మాత్రం ఆలస్యంగా వచ్చింది. రాయచూరు ప్రాంతపు రాతిబొమ్మల మీద గోర్డన్, ఆల్చిన్ 1955లో రాశారు. వాకంకర్ 1957లో భీంబేట్కా చేరాడు. పాండవుల గుట్ట 1990 దాకా ఆగింది.

భీంబేట్కా అంటే భీముడు కూర్చున్న చోటు. ఇక్కడా పాండవులే. అంటే శాస్త్రజ్ఞుడు రాకముందే, ఇది పాతకాలపు మనుషుల చోటని జనం పసిగట్టారు. అయితే ఆ పనిని వేటగాళ్ల పేర కాక రాజకుమారుల పేర జమకట్టారు. జనస్మృతిని గౌరవించడమంటే దానిలోని ఈ పొరపాటును దాచడం కాదు.

కనుక ఆ పిల్లవాడికి నా జవాబు ఇది: తాత చూశాడు. ఏ బొమ్మ మీద ఏ బొమ్మ పడింది, ఏది ముందుది, ఏది వెనకటిది అని తేల్చడం పరిశోధకుడి పని. ఒకరి చూపు లేకుండా మరొకరిది చాలదు. పుణె పరిసరాల్లో రాతి పనిముట్లతో పాటు గొర్రెల కాపరుల దారులనూ పరిశీలించి కోశాంబి చూపిన మార్గమిదే.

పిల్లవాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, సెలవుల్లో తాతను అడిగి రాసుకు రమ్మన్నాను. జానపద గేయాలు సేకరించే మన సాహిత్య విద్యార్థులు కూడా గుట్ట ఎక్కే ముందు, దాని కింద మేకలు కాసే మనిషిని పలకరించాలి. పాడిన వాళ్ల పేరు వదిలేసి సేకర్త పేరు మాత్రమే అచ్చువేసే మనకు ఈ పాఠం అవసరం.