మన్యం పోరు నడిచిన దారి

మా బడిలో ప్రతి ఏటా జూలై 4న అల్లూరి సీతారామరాజు పటానికి దండ వేస్తాం. ఆయన్ని కాల్చి చంపిన మే 7 వేసవి సెలవుల్లో పడుతుంది కనుక ఆ రోజు బడికి తాళమే. ఇక ఆగస్టు 22 ఎవరికీ గుర్తుండదు. అప్పటికి జెండా పండగ అయి వారం అవుతుంది, వరి నాట్లు సాగుతుంటాయి, వాన వదలదు.

కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో మన్యం పితూరీ గురించి చెబుతుంటే ఒక పిల్లవాడు లేచాడు. "మాస్టారూ, చింతపల్లి నుంచి కృష్ణదేవిపేటకి మర్నాటికల్లా ఎలాగ వెళ్ళారండీ? అప్పుడు బస్సుల్లేవు కదా?" తరగతంతా నవ్వింది. నడిచి వెళ్ళారని చెప్పాను. "ఏ దారినండీ?" అన్నాడు. నల్లబల్ల మీద మూడు ఊళ్ళ పేర్లు రాసి మధ్యలో బాణం గుర్తులు గీసి ఉంచాను. ఆ బాణాల కింద ఎన్ని గెడ్డలు, ఎన్ని మెట్టలు, ఎన్ని ఊళ్ళు ఉన్నాయో అంతవరకు నేను ఆలోచించనే లేదు. ఈ కొండల్లోనే పుట్టి, ఈ కొండల్లోనే పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి.

ఆ మూడు రోజుల సంగతి ముందు చెప్పుకుందాం. 1922 ఆగస్టు 22న సుమారు మూడు వందల మంది చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. చింతపల్లి కొండ మీద ఉంది. కృష్ణదేవిపేట కొండ దిగువన ఉంది. అక్కడి నుంచి నైరుతిగా పోతే రాజవొమ్మంగి వస్తుంది. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికి వచ్చాయి. ఒక్క ప్రాణం తీయలేదు. ఏమేం పట్టుకుపోతున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి సీతారామరాజు సంతకం పెట్టాడు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు.

పాఠ్యపుస్తకంలో ఇది నాలుగు వాక్యాలు. కాలినడకన అది మూడు రోజులు, అదీ ఆగస్టులో. ఆగస్టులో మన గెడ్డలు ఎలా ఉంటాయో ఈ పుస్తకం చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆ తుపాకులు, ఆ తూటాలు వాటంతట అవి నడిచి రాలేదు. ఎవరో భుజాన మోశారు. గెడ్డ ఎక్కడ దాటొచ్చో ఎవరో ముందు నడిచి చూపించారు. మూడు వందల మందికి ఏ ఊళ్ళోనో పొయ్యి రాజేసి గంజి కాచారు. సినిమాలో ఇవేవీ కనిపించవు. 1974లో వచ్చిన సినిమాను మా నాన్న తరం కళ్ళనీళ్ళతో చూసింది, నేనూ చూశాను, ఇష్టమే. కానీ సినిమాలో వీరుడు ఒక ఫ్రేములో చింతపల్లిలో ఉంటాడు, తర్వాతి ఫ్రేములో ఇంకో చోట ఉంటాడు. మధ్యలో ఉన్నది మనం.

ఈ పితూరీలో దారికి మరో పాత్ర కూడా ఉంది. అసలు గొడవ రాజుకున్న కారణాల్లో ఒకటి రోడ్డే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది, అడవిలో కట్టెపుల్ల ఏరుకోవడానికి కూడా ఒకరి దయ కావలసి వచ్చింది. ఆ మీదట కలప దింపుకోవడానికి, అధికారులు ఎక్కి రావడానికి కొండ మీదికి రోడ్లు వేయడం మొదలుపెట్టారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్ళ చేత వెట్టి చేయించాడు, కూలి ఎగ్గొట్టాడు, అడిగినవాణ్ణి కొట్టించాడు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు పోరులోకి రావడానికి అతని దౌర్జన్యం ఒక కారణం. అంటే సర్కారు రోడ్డు మన చెమటతో పడింది. ఆ సర్కారు మీద తిరగబడ్డప్పుడు మనవాళ్ళు ఆ రోడ్డు వదిలి తమ కాలిబాటలే పట్టుకున్నారు.

అది ఎంత తేడా తెచ్చిందో దామనపల్లి ఘాట్ చెబుతుంది. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పోలీసు దళంతో ఆ ఇరుకు దారిన వచ్చారు. పైన పొదల్లో ఉన్నవాళ్ళు ముందు నడిచిన దేశీ పోలీసులను పోనిచ్చారు. వెనక వచ్చిన దొరలిద్దరినీ కాల్చారు. ఎవరు ఎక్కడ మలుపు తిరుగుతారో, ఎక్కడ ఒక్కొక్కరుగా నడవక తప్పదో తెలిసినవాళ్ళు మాత్రమే చేయగల పని అది. తర్వాత సర్కారు మలబారు పోలీసులను దించింది, అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డెపాలెం దగ్గర మనవాళ్ళు గట్టి దెబ్బ తిన్నారు.

కవర్డ్, హేటర్‌ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. పెద్దగడ్డెపాలెంలో పడిపోయిన మనవాళ్ళకు పేరు చెక్కిన రాయి నాకు ఎక్కడా కనబడలేదు. దొరలకు సమాధి ఉండకూడదని నేననను. చచ్చినవాడు ఎవడైనా ఒక తల్లి కొడుకే. అయితే ఆ సమాధుల దగ్గర నిలబడ్డప్పుడు మా పిల్లలు "మనోళ్ళవి ఎక్కడండీ?" అని అడిగారు.

ఇప్పుడు స్మారకాలు లేవని కాదు. కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి ఉంది, జయంతికి వర్ధంతికి జనం వస్తారు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. అదే ఏడాది జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. పితూరీకి నూరేళ్ళయిన సందర్భంగా చింతపల్లి పాత పోలీసు స్టేషన్‌ను బాగు చేస్తామని చెప్పారు. లంబసింగి దగ్గర తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ చుక్కలు. చుక్కల్ని కలిపే గీత మన ఊళ్ళ మీదుగా పోతుంది, దాన్ని ఎవరూ గీయలేదు. విగ్రహం నాయకుడిది. దారి అందరిదీ. గంటందొర, మల్లుదొర, గోకిరి ఎర్రేసు, బోనంగి పండు పడాలు, కంకిపాటి ఎండు పడాలు, వీళ్ళ పేర్లు పలకాలంటే దారి గురించే మాట్లాడాలి. గంటందొర 1924 జూన్‌లో తూటాకు బలయ్యాడు. మల్లుదొర జైలు బతుకు అనుభవించి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో రేపు తరగతిలో అడిగి చూడండి.

ఆ పిల్లవాడి ప్రశ్న తర్వాత మేం చేసింది చిన్న పని. నలుగురు టీచర్లం, ఊళ్ళో కొందరు కుర్రాళ్ళం కలిసి ఏటా ఆగస్టు 22 దగ్గర వచ్చే ఆదివారం పిల్లలతో కలిసి పాత కాలిబాటలో ఒక ముక్క నడుస్తున్నాం. మొత్తం కాదు, పిల్లలు నడవగలిగినంత. ముందు రోజు ఊరి పెద్దల దగ్గర కూర్చుంటాం. రోడ్డు రాకముందు సంతకు ఏ దారిన పోయేవారు, కావిడి దించే చోటు ఏది, ఏ మామిడిచెట్టు కింద ఆగేవారు, గెడ్డ పొంగితే ఎక్కడ దాటేవారు, ఇవి అడుగుతాం. పితూరీ కథ చెప్పమని ముందే అడిగితే పెద్దలు సినిమా కథ చెబుతారు. సంత దారి అడిగితే నిజమైన దారి చెబుతారు. ఇది మేం రెండేళ్ళు తప్పు చేశాక నేర్చుకున్నది.

పిల్లల నోటు పుస్తకాల్లో మూడు గడులు గీయించాం. పుస్తకాల్లో ఉన్నది ఒక గడి, పెద్దలు చెప్పింది ఒక గడి, మనం ఊహించింది ఒక గడి. ఒకదానిలోది ఇంకొకదానిలోకి పోకూడదు. ఒక ఊళ్ళో ఒక బండరాయి చూపించి రాజుగారు ఇక్కడ కూర్చున్నారంటారు. పక్క ఊళ్ళో ఇంకో బండరాయి చూపిస్తారు. రెండూ రెండో గడిలోనే రాస్తాం. ఏది నిజమని ఊళ్ళ మధ్య తగువు పెట్టడం మన పని కాదు. మూడో గడి ఖాళీగా ఉంటే నాకు మరీ సంతోషం.

ఒకసారి నడకలో ఒక ముసలమ్మ మమ్మల్ని ఆపింది. పాత దారి ఇలాగే ఉండాలని నేను కుర్రాళ్ళకు చెబుతుంటే వింది. "ఏటి బాబూ, ఈ దారి ఇలాగే ఉంచాలంతావా? డోలీ మొయ్యడానికి నువ్వొత్తావా?" అంది. ఆమె కోడల్ని పురిటి నొప్పులతో ఆ దారినే డోలీలో మోసుకెళ్ళారట. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజంతా తల దించుకునే నడిచాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆమె అడిగింది న్యాయం అనిపించింది. నూరేళ్ళ కిందట మనవాళ్ళు ఎదిరించింది రోడ్డును కాదు, వెట్టితో వేసిన, మన కోసం కాని రోడ్డును. అంబులెన్సు వచ్చే రోడ్డు మనకు కావాలి. రోడ్డు పాత బాట మీదే పడాల్సి వస్తే పడనీయాలి, పక్కన ఒక రాయి నిలిపి ఆ బాట పేరు చెక్కితే చాలు. కానీ చాలాచోట్ల రోడ్డు వేరే వైపు తిరుగుతుంది, పాత బాట అడవిలో మిగిలిపోతుంది. రెండు వానాకాలాలు ఎవరూ నడవకపోతే దాన్ని పొదలు కమ్మేస్తాయి. మనం కాపాడాల్సింది ఆ ముక్కల్ని. దానికి సిమెంటు అక్కర్లేదు, ఏడాదికోసారి కత్తి పట్టుకుని నడిస్తే చాలు.

దీనికి చట్టం కూడా మన వైపు ఉంది. 1996 పెసా చట్టం ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ సాంస్కృతిక, ప్రకృతి వారసత్వానికి నష్టం చేసే పనుల నుంచి తమ నివాస ప్రాంతాన్ని కాపాడుకోమంటుంది. పాత బాటను, దాని మీది పేర్లను గ్రామసభ తీర్మానం పుస్తకంలో రాయించుకోవచ్చు. జెర్రెల కొండల బాక్సైట్ కోసం 2015లో ఇచ్చిన జీవో 97ను 2019లో వెనక్కి తీసుకునేదాకా జనం ఎంత తిరిగారో మనం చూశాం. కొండే పోతే దాని మీది బాట ఎక్కడుంటుంది? అప్పుడు గ్రామసభ కాగితాలు ఎంత పనికొచ్చాయో ఆ ఊళ్ళవాళ్ళను అడిగితే చెబుతారు.

ఆ రోజు ప్రశ్న వేసిన పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. పోయినేడు నడకకు వచ్చాడు. తన పాత నోటు పుస్తకం తెచ్చి, మేం మర్చిపోయిన ఒక మలుపు చూపించాడు. అక్కడ గెడ్డకు అడ్డంగా ఒక దుంగ పడి ఉంది. వాన జోరుగా ఉంది. పిల్లల్ని ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దాటించాం. ఈసారి ఆ దుంగకు ఆనుకుని ఒక తాడు కట్టాలనుకున్నాం. ముసలమ్మ కూడా వస్తానంది, అయితే గంజి తనే కాస్తానని షరతు పెట్టింది.