నలభై ఏళ్లకు వచ్చిన పిలుపు

మద్రాసులో దుబాసీతనంతో పైకొచ్చిన తెలుగు కుటుంబాల్లో మోతవరపు వారిది పెద్ద చెయ్యి. పారీ కంపెనీ దుబాసీలు వాళ్లు. మైలాపూరులో వాళ్ల లజ్ హౌస్‌కు ఆటగాళ్లు వస్తూ పోతూ ఉండేవారు. ఆ ఇంటి బుచ్చిబాబు నాయుడికి డబ్బుకు కొదవలేదు, దొరల స్నేహానికీ కొదవలేదు. అయినా చేపాక్‌లో తెల్లవాళ్లు పెవిలియన్‌లో కూర్చుని భోంచేస్తుంటే మనవాళ్లు చెట్ల కింద తినాల్సి రావడం ఆయన సహించలేకపోయాడు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. దొరల జట్టూ మన జట్టూ ముఖాముఖి ఆడాలని పట్టుబట్టి ఒప్పించాడు. తీరా ఆ మ్యాచ్ దగ్గరపడే వేళకు, 1908 డిసెంబరులో, కన్నుమూశాడు.

ఆయన చిన్నకొడుకు రామస్వామికి అప్పటికి పన్నెండేళ్లు. తల్లి తరఫు తాతగారింటికి దత్తత వెళ్లడంతో ఇంటిపేరు కోటా అయింది. ఇంటిపేరు మారినా తండ్రి అంటించిన ఆటల పిచ్చి మారలేదు. క్రికెట్‌లో ఎడమచేతి బ్యాటింగ్, కొడితే బలంగా కొట్టే రకం. టెన్నిస్ కూడా అంతే ఇష్టంగా ఆడేవాడు. కేంబ్రిడ్జికి చదువుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడ ముందుగా పేరు తెచ్చింది టెన్నిసే.

1922లో భారత్ డేవిస్ కప్ జట్టులో ఆయనకు చోటు దొరికింది. ఆ పోటీలో మన దేశం అడుగుపెట్టి అప్పటికి ఏడాదే. రుమేనియాతో డబుల్స్‌లో డాక్టర్ హసన్ అలీ ఫైజీకి జోడీగా దిగి గెలిచాడు. ఆ పోరును భారత్ 5-0తో ముగించింది. తర్వాత స్పెయిన్ మనల్ని ఆపేసింది. అప్పుడు రామస్వామికి 26 ఏళ్లు. ఆటగాడికి అంతకంటే మంచి వయసు ఉండదు. క్రికెట్‌లోనూ అదే వయసు, అదే ఊపు. అయితే అప్పటికి భారత్‌కు టెస్టు హోదాయే లేదు.

ఆ హోదా వచ్చేసరికి 1932 అయింది, ఆయనకు 36 ఏళ్లు నిండాయి. ఈలోగా మద్రాసుకు తిరిగొచ్చి ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఆడుతూ వచ్చాడు. 1934 ఫిబ్రవరిలో మొదటిసారి మద్రాసులోనే టెస్టు జరిగింది. తండ్రి చెట్ల కింద భోజనాలు చూసి రగిలిపోయిన ఆ చేపాక్‌లోనే. జట్టులో రామస్వామి లేడు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎవరో కుట్ర చేశారని నేననను. కాని ఊరి ఆట ఊరికి వచ్చిన రోజున ఆ ఊరి బిడ్డకు పిలుపు రాలేదు.

పిలుపు 1936లో వచ్చింది, ఇంగ్లండ్ యాత్రకు. నిజానికి ఆ జట్టు నిండా తెలుగు మూలాలే. కెప్టెన్ విజయనగరం రాజకుటుంబీకుడు విజ్జీ. పెద్ద బ్యాట్స్‌మన్ సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు. ఇంతమంది ఉన్నారన్న గర్వం ఎక్కువసేపు నిలవదు. విజ్జీకి బ్యాటింగ్ కంటే బిరుదుల మీద మోజు ఎక్కువ, ఆ యాత్రలోనే 'సర్' కూడా అయ్యాడు. జట్టు రెండు ముక్కలైంది. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ విజ్జీ నాయకత్వాన్నే తప్పుపట్టింది.

ఆ రచ్చ మధ్యలో, జులై 25న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, 40 ఏళ్లు దాటి నెల తిరిగిన రామస్వామి మొదటి టెస్టుకు దిగాడు. అంత వయసులో టెస్టుల్లోకి వచ్చిన భారతీయుల్లో ఆయన కంటే పెద్దవాడు ఒక్కడే, 1933లో ఆడిన రుస్తుంజీ జంషెడ్జీ. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టు 203కే చాప చుట్టేస్తే అందులో ఆయనవి 40. ఇంగ్లండ్ 571 కొట్టింది. ఆ మ్యాచ్ రెండో రోజు రెండు జట్లూ కలిసి చేసినవి 588 పరుగులు. టెస్టుల్లో ఒక రోజు ఆటలో అన్ని పరుగులు ఇంకెప్పుడూ రాలేదు. అందరికీ గుర్తున్నది రెండో ఇన్నింగ్స్‌లో మన ఓపెనర్లు మర్చంట్, ముష్తాక్ అలీ మొదటి వికెట్‌కు జోడించిన 203 పరుగులే. అదే ఇన్నింగ్స్‌లో రామస్వామి 60 కొట్టాడని ఎవరూ చెప్పరు. ఓడిపోవాల్సిన మ్యాచ్ డ్రా అయింది.

మూడో టెస్టు ఓవల్‌లో ఆగస్టు 15న మొదలైంది. రామస్వామి 29, ఆ తర్వాత అవుటవకుండా 41. మ్యాచ్ ఓడిపోయాం. సి.కె.కు అదే చివరి టెస్టు, రామస్వామికీ అదే. భారత్ మళ్లీ టెస్టు ఆడింది పదేళ్ల తర్వాత, యుద్ధం ముగిసి 1946 వచ్చాక. అప్పటికి ఆయనకు యాభై.

ఆ యాత్రలోనే ఇంకో మద్రాసు మనిషి ఉన్నాడు, ఎం.జె. గోపాలన్. ఈయనా రెండు ఆటలవాడే, క్రికెట్, హాకీ. 1935లో ధ్యాన్‌చంద్‌తో కలిసి న్యూజిలాండ్‌లో హాకీ ఆడి వచ్చాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ ఒకవైపు, ఇంగ్లండ్ క్రికెట్ యాత్ర ఒకవైపు. క్రికెట్‌ను ఎంచుకున్నాడు. మూడు టెస్టుల్లో ఒక్కదానిలోనూ ఆడించలేదు. ఓవల్‌లో తనను పక్కనబెట్టి మన జట్టు ఆట మొదలుపెట్టిన ఆగస్టు 15నే బెర్లిన్‌లో హాకీ జట్టు జర్మనీని 8-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. మా ఆసిఫాబాద్‌లో పొద్దున వాలీబాల్ ఆడిన పోరగాళ్లే సాయంత్రం కబడ్డీకి దిగుతారు. కాస్త రాణించగానే పెద్దలు 'ఏదో ఒకటి పట్టుకో' అంటారు. మంచి మాటే, కాని గోపాలన్ కూడా ఒకటే పట్టుకున్నాడు మరి.

ఇలా రెండు ఆటలు ఆడి నష్టపోయినవాళ్లలో అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్ కథ ఇంతకంటే ప్రసిద్ధం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడాడని మరుసటి ఏడాది పతకాలు లాక్కున్నారు. 1953లో చనిపోయాడు. ఒలింపిక్ కమిటీ తప్పు దిద్దుకోవడం 1982లో మొదలైంది, పూర్తిగా దిద్దుకునేసరికి 2022 అయింది. థోర్ప్ విషయంలో వేలెత్తి చూపడానికి మనుషులున్నారు. రామస్వామి విషయంలో ఎవరిని అంటాం? కాలమే కలిసిరాలేదు.

ఆయన మాత్రం ఆటను వదల్లేదు. 1953లో హజారే కెప్టెన్‌గా భారత జట్టు వెస్టిండీస్ వెళ్లినప్పుడు మేనేజర్‌గా వెళ్లాడు. 1966లో తన జ్ఞాపకాలను 'ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్' పేరుతో పుస్తకంగా తెచ్చాడు. ఆటల వ్యసనపరుడినని తనే ఒప్పేసుకున్న మనిషి.

1985 అక్టోబర్ 15న మద్రాసు అడయారులోని ఇంట్లోంచి బయటికి వెళ్లాడు. అప్పటికి 89 ఏళ్లు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. టెస్టు ఆడిన మనిషి, డేవిస్ కప్ ఆడిన మనిషి, లక్షల జనం ఉన్న నగరంలో జాడ లేకుండా పోయాడు. చనిపోయి ఉంటాడని రికార్డులు రాసేవాళ్లు అనుకున్నారు. కొన్ని పట్టికల్లో 1990 జనవరి అని ఊహించి వేశారు. ఆ తేదీకి ఆధారమేదీ లేదు.

ఇప్పుడు ఆయన పేరు ఎక్కడైనా వినిపిస్తే క్విజ్ పోటీల్లోనే. 'మాయమైన టెస్టు క్రికెటర్ ఎవరు?' అంటారు, జవాబు చెప్పినవాడికి మార్కులు వేస్తారు. ఒక ముసలాయన ఇల్లు చేరకపోవడం పొడుపుకథ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఆడినవి రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్స్. 170 పరుగులు, సగటు 56.66. పాతికేళ్ల కుర్రాడు ఇలా మొదలుపెడితే మనం నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తాం. నలభై ఏళ్లవాడు మొదలుపెట్టి, నెల తిరక్కుండానే ముగించాడు కాబట్టి మర్చిపోయాం. కోటా రామస్వామి గురించి మీ పిల్లలకు చెప్పాల్సి వస్తే 1922 డేవిస్ కప్‌తో మొదలుపెట్టండి, తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో చేసిన 40, 60 గురించి చెప్పండి. 1985 సంగతి వాళ్లు అడిగితే చెప్పవచ్చు.